సున్నం, తంగేడు, క్రోమియం: యలవర్తి నాయుడమ్మ జీవితం

చచ్చిన గొడ్డు చర్మాన్ని ఎండాకాలంలో అలాగే వదిలేస్తే ఒక్క రోజులో వాసన పట్టుకుంటుంది. ఇంకో రెండు రోజులు పోతే వెంట్రుకలు వాటంతటవే ఊడొస్తాయి. ఆ తర్వాత అది ఇక దేనికీ పనికిరాదు. అదే చర్మం లందలో దిగి కొన్ని వారాల తర్వాత బయటికొస్తే ఏళ్ల తరబడి చెప్పై నడుస్తుంది, మోట బొక్కెనై బావిలోంచి నీళ్లు తోడుతుంది. కుళ్లే పదార్థం కుళ్లని పదార్థంగా మారడం రసాయన చర్య. అది కూడా ఒకటి కాదు, వరుసగా కొన్ని చర్యలు. తెలుగు నేల మీద వాటిని తరతరాలుగా నడిపినవాళ్లు మాదిగలు. ఆ చర్యల్లో ఏది దేన్ని ఏ బంధంతో పట్టుకుంటుందో ప్రయోగశాలలో వెతికి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న తెలుగువాడు యలవర్తి నాయుడమ్మ.

మొదటివాళ్లను ఆ పని పేరు చెప్పి ఊరి బయట ఉంచారు. రెండో ఆయనకు ఆ పని మీద చేసిన పరిశోధనకు 1971లో పద్మశ్రీ వచ్చింది. ఇందులో నాయుడమ్మ తప్పేమీ లేదు. ఆయన నిజంగా పెద్ద శాస్త్రవేత్త. కానీ ఈ తేడాను పక్కన పెట్టి ఆయన జీవితం చెప్పుకుంటే సగమే చెప్పినట్టు. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఆయన పేరు ఒక బిట్టుగా మిగిలిపోయింది. మన విద్యార్థులు ఆయన జీవితాన్ని రసాయనశాస్త్రంతో కలిపి, లందతో కలిపి చదవాలని నా కోరిక.

నాయుడమ్మ 1922 సెప్టెంబర్ 10న అప్పటి గుంటూరు జిల్లాలో, తెనాలికి దగ్గరున్న యలవర్రులో పుట్టారు. వ్యవసాయ కుటుంబం. పేరు చివర అమ్మ ఉన్నా ఆ ప్రాంతంలో మగవాళ్లకు ఆ పేరు పెట్టడం మామూలే. డెల్టా ఊళ్లలో మాలపల్లె, మాదిగపల్లె విడివిడిగా, ఊరికి దూరంగా ఉండేవి. గొడ్డు చస్తే కబురు మాదిగపల్లెకు వెళ్లేది. దాన్ని ఈడ్చుకెళ్లడం, చర్మం వలవడం, శుభ్రం చేయడం, రైతుకు కావలసిన తోలు సామాను చేసివ్వడం వాళ్ల వంతు. కళ్లంలో కొలిచి పోసే గింజలే వాళ్ల కూలి. భూమి ఉన్న ఇంటి పిల్లలు ఈ పనిని చూస్తే దూరం నుంచే చూసేవాళ్లు.

ఇంటర్మీడియట్ గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో. లూథరన్ మిషన్ పెట్టిన కళాశాల అది. ఆ రోజుల్లోనే, 1941లో, అదే గుంటూరు జిల్లాకు చెందిన గుర్రం జాషువా గబ్బిలం అచ్చయింది. అందులో నాయకుడు చెప్పులు కుట్టి బతికే అరుంధతీసుతుడు. అప్పటికి నాయుడమ్మకు పంతొమ్మిదేళ్లు. ఆ కావ్యం ఆయన చదివారా లేదా అన్నది కాదు ఇక్కడ విషయం. తోలు పనివాడు తెలుగు సాహిత్యంలోకి తల ఎత్తుకుని వచ్చిన కాలంలోనే తోలు విజ్ఞానం చదవబోయే కుర్రాడు అదే జిల్లాలో పెరుగుతున్నాడు. గుంటూరు నుంచి బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి వెళ్లి పారిశ్రామిక రసాయనం చదివారు. తర్వాత మద్రాసులో తోలు సాంకేతిక విద్యలో అడుగుపెట్టారు. భూమి ఉన్న కుటుంబాల వాళ్లు అప్పట్లో తొక్కే దారి కాదది.

తోలు చదువు ఉప్పు దగ్గర మొదలవుతుంది. పదో తరగతిలో రసాయన బంధం పాఠం మొదలయ్యేదీ ఉప్పు దగ్గరే. సోడియం పరమాణువు తన చివరి కక్ష్యలో ఉన్న ఒక్క ఎలక్ట్రాన్‌ను వదిలేసి ధనావేశం ఉన్న అయాన్ అవుతుంది. ఆ ఎలక్ట్రాన్‌ను తీసుకున్న క్లోరిన్ రుణావేశం ఉన్న అయాన్ అవుతుంది. ఎదురు ఆవేశాలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. దాన్నే అయానిక బంధం అంటాం. నీళ్లలో పడితే ఆ అయాన్లు విడిపోతాయి, ఒక్కోదాని చుట్టూ నీటి అణువులు మూగుతాయి. పచ్చి చర్మం బరువులో సగానికి మించి నీళ్లే. ఉప్పు చల్లితే ఆ నీళ్లలో చాలా భాగం బయటికి వచ్చేస్తుంది. మిగిలినదాన్ని అయాన్లు పట్టుకుని ఉంచుతాయి, బాక్టీరియాకు దొరకనివ్వవు. అందుకే ఉప్పు వేసిన చర్మం నెలల తరబడి ఆగుతుంది. కానీ అది తోలు కాదు. కడిగితే ఉప్పు పోతుంది, మళ్లీ పచ్చి చర్మమే మిగులుతుంది. ఉప్పు చర్మంతో చెప్పుకోదగ్గ బంధమేదీ పెట్టుకోలేదు మరి.

తర్వాతిది సున్నం. రాయి సున్నం మీద నీళ్లు పోస్తే బుసబుసా పొంగి వేడెక్కడం మనమంతా చూసిందే. కాల్షియం ఆక్సైడ్ నీటితో కలిసి కాల్షియం హైడ్రాక్సైడ్ అనే కొత్త సమ్మేళనం అవుతుంది, వేడి బయటికొస్తుంది. దాన్ని నీళ్లలో కలిపితే రెండు ధనావేశాలున్న కాల్షియం అయాన్లు, ఒక్కో రుణావేశం ఉన్న హైడ్రాక్సైడ్ అయాన్లు విడివడతాయి. నీటి పీహెచ్ 12 దాటుతుంది. వెంట్రుకలో ఉండే కెరాటిన్ అనే ప్రొటీన్ గట్టిగా నిలబడేది గంధకం పరమాణువుల మధ్య బంధాల వల్ల. అవి ఎలక్ట్రాన్లను ఇచ్చిపుచ్చుకోకుండా పంచుకునే సమయోజనీయ బంధాలు. హైడ్రాక్సైడ్ వాటి మీద పడి తెంచుతుంది. చర్మం అసలు పోగులు కొల్లాజెన్ అనే వేరే ప్రొటీన్. దాంట్లో ఈ గంధకం జంటలు లేవు. అందుకే వెంట్రుక ఊడిపోతుంది, చర్మం మిగులుతుంది.

సున్నపు నీళ్లలో ఎన్నాళ్లు ఉంచాలన్నది తేలిక లెక్క కాదు. తక్కువైతే వెంట్రుక రాదు. ఎక్కువైతే చర్మమే చెడుతుంది. చలికాలానికి ఒక లెక్క, ఎండాకాలానికి ఒక లెక్క, గేదె చర్మానికి ఒకటి, మేక చర్మానికి ఇంకొకటి. పీహెచ్ అన్న కొలత 1909లో డెన్మార్క్‌లో పుట్టింది. అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ ఆ కొలత మాదిగల వేళ్లలో ఉంది. వెంట్రుకను లాగి, చర్మాన్ని నొక్కి చూసి చెప్పేసేవాళ్లు. దీన్ని పొగిడేటప్పుడు ఒక సంగతి మరవకూడదు. ఆ హైడ్రాక్సైడ్ అయాన్‌కు గొడ్డు చర్మం వేరు, మనిషి చర్మం వేరని తెలియదు. లందలో చేతులు పెట్టినవాళ్ల చేతులను కూడా అది తినేసింది.

ఇక తంగేడు. ఇవాళ తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మలో పువ్వు గురించి అందరూ మాట్లాడతారు, బెరడు ఊసు మాత్రం ఎత్తరు. తంగేడు చెక్కలో టానిన్లనే పెద్ద అణువులుంటాయి. వాటి అంచుల వెంట ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు బోలెడు. అలాంటి జంటలో ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కుంటుంది, హైడ్రోజన్ కొంచెం ధనావేశంతో మిగులుతుంది. ఆ హైడ్రోజన్ కొల్లాజెన్ పోగులోని ఆక్సిజన్ వైపు మొగ్గి దాన్ని పట్టుకుంటుంది. అదే హైడ్రోజన్ బంధం. ఒక్కొక్కటి చాలా బలహీనం. కానీ ఒక్కో టానిన్ అణువు ఒకేసారి చాలాచోట్ల పట్టుకుంటుంది, అలాంటివి లెక్కలేనన్ని కలిస్తే పోగులు ఒకదానికొకటి కట్టుకున్నట్టే. నీళ్లు ఉండాల్సిన చోట్లలో టానిన్ కూర్చుంటుంది. కుళ్లబెట్టే ఎంజైములకు చోటు దొరకదు. ఇప్పుడు కడిగినా పోదు. చర్మం తోలైంది.

లంద పనిలో ఇంకో కిటుకుంది. చర్మాన్ని ముందు వాడేసిన పలచని తంగేడు నీళ్లలో వేసి, తర్వాత చిక్కటి కొత్త నీళ్లలోకి మారుస్తారు. మొదటే చిక్కటి నీళ్లలో వేస్తే పైపొర గబగబా తోలైపోయి దారి మూసేస్తుంది, లోపల పచ్చిగానే ఉండిపోతుంది. బయటి నుంచి లోపలికి అణువులు నెమ్మదిగా ఇంకాలంటే గాఢతను మెల్లగా పెంచుకుంటూ పోవాలి. ఈ మాటనే రసాయన ఇంజనీరింగ్ పుస్తకం సమీకరణాలతో చెబుతుంది. చివర్లో కరక్కాయ నీళ్లు పట్టిస్తే రంగు తేలికపడుతుంది. అది కూడా టానినే, నిర్మాణం వేరు.

డప్పుకు మాత్రం ఇవేవీ వద్దు. సున్నంలో వెంట్రుక తీసి, కడిగి, చట్రానికి లాగి కట్టి ఆరబెడతారు. టానిన్ పట్టిస్తే మెత్తబడి మోగదు. మోగించే ముందు మంట దగ్గర కాచేది ఎందుకంటే పోగుల మధ్య చెమ్మ ఆవిరై, పోగులు దగ్గరికి లాక్కుని చర్మం బిగుస్తుంది. చెమ్మ తిరిగి చేరితే శ్రుతి దిగిపోతుంది. ఏ చర్మాన్ని ఎంతవరకు మార్చాలి, దేన్ని మార్చకుండా వదలాలి అన్న తెలివి ఇందులో ఉంది. కంచ ఐలయ్య పోస్ట్ హిందూ ఇండియా పుస్తకంలో మాదిగలను సబాల్టర్న్ శాస్త్రవేత్తలు అన్నది ఈ తెలివి గురించే.

నాయుడమ్మ మద్రాసు నుంచి విదేశాలకు వెళ్లారు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లీహై విశ్వవిద్యాలయంలో తోలు రసాయనంలో పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నారు. అప్పటికి అక్కడి తోలు రసాయనవేత్తలు కొల్లాజెన్ మీద ఎక్కడెక్కడ ఏ ఆవేశం ఉంటుందో పట్టుకునే పనిలో ఉన్నారు. కొల్లాజెన్ పోగు పక్కలకు కొన్ని గుంపులు వేలాడుతుంటాయి. కొన్ని ఆమ్ల గుంపులు, హైడ్రోజన్ అయాన్‌ను వదిలేస్తే రుణావేశం తెచ్చుకుంటాయి. కొన్ని క్షార గుంపులు, హైడ్రోజన్ అయాన్‌ను పట్టుకుంటే ధనావేశం తెచ్చుకుంటాయి. అంటే ఒకే పోగు మీద రెండు రకాల ఆవేశాలూ ఉంటాయి. నీటి పీహెచ్ మారితే ఏది ఎక్కువో మారుతుంది. టానింగ్ పదార్థం ఏ గుంపును, ఏ బంధంతో పట్టుకుంటుంది అన్న ప్రశ్న చుట్టూనే నాయుడమ్మ పరిశోధన చాలాకాలం తిరిగింది.

ఆయన తిరిగొచ్చేసరికి మద్రాసు అడయారులో కేంద్రీయ తోలు పరిశోధనా సంస్థ మొదలై ఉంది. పునాదిరాయి 1948 ఏప్రిల్‌లో పడింది. మొదటి డైరెక్టరు బి.ఎం. దాస్. నాయుడమ్మ 1958లో డైరెక్టరై 1971 దాకా నడిపారు. ఆయన కాలంలోనే అది ప్రపంచంలోని పెద్ద తోలు పరిశోధనా సంస్థల్లో ఒకటిగా ఎదిగింది. అదే నగరంలో, మద్రాసు విశ్వవిద్యాలయంలో, జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి 1954లో కొల్లాజెన్ నిర్మాణాన్ని మూడు పోగుల పురిగా ప్రతిపాదించారు. పగ్గం పేనినట్టు మూడు గొలుసులు ఒకదాని చుట్టూ ఒకటి చుట్టుకుని, హైడ్రోజన్ బంధాలతో నిలబడి ఉంటాయి. యాభయ్యో దశకంలో ప్రపంచంలో కొల్లాజెన్ గురించి తెలుసుకోవాలంటే చూడాల్సిన ఊళ్లలో మద్రాసు ఒకటి.

అక్కడే ఇంకో పరిశ్రమ కూడా ఉంది. ఇప్పుడు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో ఉన్న తెలుగు సినిమా అప్పట్లో మద్రాసు కోడంబాక్కంలో ఉండేది. సినిమా రీలుకూ తోలుకూ మూలం ఒకటేనని చాలామందికి తెలియదు. చర్మాలు, ఎముకల్లోని కొల్లాజెన్‌ను వేడినీళ్లతో మరిగిస్తే మూడు పోగుల పురి విడిపోయి జెలటిన్ అవుతుంది. ఆ జెలటిన్‌లోనే సిల్వర్ నైట్రేట్‌ను పొటాషియం బ్రోమైడ్‌తో కలుపుతారు. అయాన్లు జతలు మార్చుకుంటాయి, నీళ్లలో కరగని సిల్వర్ బ్రోమైడ్ సన్నటి గింజలుగా ఏర్పడుతుంది. జెలటిన్ ఆ గింజలను విడివిడిగా పట్టుకుని రీలుకు అంటిస్తుంది. వెలుగు పడ్డచోట బ్రోమైడ్ అయాన్ ఎలక్ట్రాన్‌ను వదులుతుంది, వెండి అయాన్ దాన్ని తీసుకుని వెండి పరమాణువు అవుతుంది. బొమ్మ అక్కడ మొదలవుతుంది. 1925లో కొడాక్ కంపెనీ పరిశోధకుడు శామ్యూల్ షెపర్డ్ ఇంకో సంగతి కనిపెట్టాడు. కొన్ని జెలటిన్లతో చేసిన ఫిల్ములు మిగతావాటికన్నా బాగా వెలుగును పట్టుకునేవి. కారణం, ఆ పశువులు మేసిన ఆవజాతి మొక్కల్లోని గంధకం జాడలు జెలటిన్‌లో మిగలడం. గొడ్డు ఏం తిన్నదన్న దాన్ని బట్టి కూడా ఫిల్ము పనితనం ఉండేదన్నమాట. డిజిటల్ వచ్చేదాకా మనం చూసిన ప్రతి తెలుగు సినిమా ఈ పొర మీద పడ్డదే. చర్మం ముట్టుకుంటే మైలపడేవాళ్లు కూడా ఆ పొర మీదుగా తెర మీదికొచ్చిన దేవుళ్లకు హాళ్లలో హారతులిచ్చారు.

నాయుడమ్మ కాలానికి తోలు పరిశ్రమ క్రోమియం వైపు మళ్లుతోంది. క్రోమ్ టానింగ్‌కు అమెరికాలో అగస్టస్ షుల్జ్ 1884లో పేటెంటు తీసుకున్నాడు. మద్రాసులో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ దాన్ని ప్రయత్నించాడు. నీటిలో త్వరగా పాడవని మోట బొక్కెనలు చేయాలన్నది అప్పటి ఉద్దేశాల్లో ఒకటి. తంగేడు లందలో వారాలు పట్టే పని క్రోమియంతో ఒకటి రెండు రోజుల్లో అవుతుంది.

దీని వెనుక రసాయనం కాస్త ఓపికగా చదవాలి, చదివితే అందంగా ఉంటుంది. ముందు చర్మాన్ని ఉప్పు, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో ఉంచుతారు. ఉప్పు లేకుండా ఆమ్లం ఒక్కటే వేస్తే చర్మం నీళ్లు తాగి ఉబ్బిపోతుంది. పీహెచ్ 3 దగ్గరికి దిగుతుంది. అంత ఆమ్లంలో కొల్లాజెన్ ఆమ్ల గుంపుల్లో చాలావరకు హైడ్రోజన్‌ను పట్టుకునే ఉంటాయి, వాటి రుణావేశం కనపడదు. అప్పుడు మూడు ధనావేశాలున్న క్రోమియం అయాన్లను లోపలికి పంపిస్తే ఎక్కడా ఆగకుండా చర్మం నడిమధ్య దాకా వెళతాయి. తర్వాత సోడా కొంచెం కొంచెంగా వేసి పీహెచ్‌ను 4 దగ్గరికి తెస్తారు. ఆమ్ల గుంపులు హైడ్రోజన్‌ను వదిలేస్తాయి, రుణావేశం బయటపడుతుంది. వాటిలోని ఆక్సిజన్ తన ఎలక్ట్రాన్ జంటను క్రోమియంతో పంచుకుంటుంది. పంచుకునే జంట మొత్తం ఒకవైపు నుంచే వస్తుంది కాబట్టి ఇది సమన్వయ బంధం. ఒక క్రోమియం గుంపు పక్కపక్కనున్న రెండు గొలుసులను పట్టుకుంటే వాటి మధ్య వంతెన పడినట్టే. పచ్చి చర్మాన్ని నీళ్లలో వేడిచేస్తే 60 డిగ్రీలు దాటాక ముడుచుకుపోతుంది. తంగేడు పట్టిన తోలు 75, 80 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. క్రోమ్ తోలు మరిగే నీళ్లలో వేసినా ముడుచుకోదు. బంధం ఎంత గట్టిదో తోలు ముడుచుకునే వేడి చెబుతుంది.

డైరెక్టరుగా నాయుడమ్మ ఈ జ్ఞానాన్ని పత్రికల్లో అచ్చువేసి ఊరుకునే మనిషి కాదు. చిన్న టానరీల వాళ్ల దగ్గరికి సంస్థను పంపడం, దేశంలో దొరికే చెట్ల టానిన్లకు విలువ తేవడం, ఇతర ప్రాంతాల్లో విస్తరణ కేంద్రాలు పెట్టడం ఆయన పట్టుబట్టి చేసిన పనులు. వలస పాలనంతా మనం పచ్చి చర్మాలు, సగం తయారైన తోళ్లు ఎగుమతి చేసి, వాటితో చేసిన బూట్లను కొనుక్కున్నాం. తయారైన తోలు, తోలు వస్తువులే బయటికి పోవాలన్న వాదన ఆయనది. సీతారామయ్య కమిటీ 1972లో ఆ దిశగా సిఫార్సులు చేసింది. 1973లో పచ్చి చర్మాల ఎగుమతి ఆగింది. ఎగుమతుల లెక్కల్లో తోలు ఆ తర్వాత ఎంతో పైకి వెళ్లింది.

కానీ ఆ పెరుగుదల లంద దగ్గరికి తిరిగి రాలేదు. నా అభిప్రాయంలో నాయుడమ్మ కథలో అసలు చిక్కు ఇదే. చర్మం ఊరి మాదిగ చేతిలోంచి వ్యాపారి చేతికి, అక్కడి నుంచి వాణియంబాడి, అంబూరు, రాణిపేట టానరీలకు పోయింది. క్రోమియం డ్రమ్ములకు పెట్టుబడి కావాలి. పెట్టుబడి ఉన్నవాళ్లు యజమానులయ్యారు. లంద నడిపిన కులాల వాళ్లు అదే చర్మాన్ని మోసే కూలీలయ్యారు. తంగేడు నీళ్ల లెక్క తెలిసిన వేళ్లకు సర్టిఫికెట్ లేదు. దాన్ని పరిశోధించినవాళ్లకు డిగ్రీలు వచ్చాయి. జ్ఞానం ఎక్కడ పుట్టిందో అక్కడ వాటా అడగలేకపోవడం అంటే ఇదే.

పైగా క్రోమియం అంతా చర్మం పట్టుకోదు. మామూలు పద్ధతిలో మూడో వంతు దాకా నీళ్లలోనే పోతుంది. దానితో పాటు ఉప్పు. పాలార్ నది పరీవాహకంలో బావి నీళ్లు ఉప్పెక్కిపోయాయి. 1996లో వెల్లూరు పౌరుల వేదిక కేసులో సుప్రీంకోర్టు టానరీల మీద కఠినమైన తీర్పిచ్చింది. కలుషితం చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రం మన చట్టంలో గట్టిపడింది ఆ తీర్పుతోనే. మూడు ఆవేశాలున్న క్రోమియంకన్నా ఆరు ఆవేశాల రూపంలో ఉన్నది చాలా విషపూరితం. క్యాన్సర్ తెచ్చేది. ఒకే మూలకం, పోగొట్టుకున్న ఎలక్ట్రాన్ల సంఖ్యలో తేడా, అంతే.

ఇక్కడ అంబేడ్కర్‌ను గుర్తు చేసుకోకుండా ముందుకు పోలేం. 1927లో మహద్‌లో ఆయన చచ్చిన గొడ్డు మాంసం వదిలేయమన్నారు, కులం అంటగట్టిన పనులు వదిలేయమన్నారు. ఆ మాట విని ఎన్నో పల్లెల్లో గొడ్డును ఈడ్చడం మానేశారు, దానికి దెబ్బలు కూడా తిన్నారు. లందలో విజ్ఞానం ఉందని చెప్పడం, లందలోకి తిరిగి దిగమని చెప్పడం రెండూ ఒకటి కావు. మన విద్యార్థి సంఘాల చర్చల్లో ఈ రెండూ కలగాపులగం కావడం నేను చాలాసార్లు చూశాను. ఆ పని వదిలించుకునే హక్కు మనది, ఆ పనిలో పుట్టిన జ్ఞానం మీద హక్కూ మనదే. నాయుడమ్మ తరం శాస్త్రవేత్తలు సాంకేతికత బాగుపడితే పనివాడు బాగుపడతాడని నమ్మారు. పనిని ఎవరికి కట్టబెట్టారు, ఎందుకు కట్టబెట్టారు అన్న ప్రశ్న ఆ నమ్మకంలో ఇమడలేదు.

1971లో నాయుడమ్మ దేశంలోని శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలికి డైరెక్టర్ జనరల్ అయ్యారు. 1977 దాకా ఆ పదవిలో ఉన్నారు. ఆ రోజుల్లో ఆయన ఎక్కువ ఇష్టపడి మొదలుపెట్టిన పని కరీంనగర్ ప్రయోగం. ఒక వెనకబడిన జిల్లాను తీసుకుని, ప్రయోగశాలల్లోని విజ్ఞానాన్ని పల్లె అవసరాలకు వాడి చూద్దామన్న ఆలోచన. ఢిల్లీలో కూర్చున్న శాస్త్రవేత్తల పెద్ద అలా కరీంనగర్ వైపు చూడటం చిన్న విషయం కాదు, మెచ్చుకోవాల్సిందే. అయితే తెలంగాణలో మాదిగలు దొరలకు చెప్పులు, తోలు సామాను వెట్టిగా చేసిచ్చిన చరిత్ర ఆ జిల్లాదీ. ఆయన పదవి దిగిన మరుసటి ఏడాది, 1978లో, అక్కడే జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. దొరల ముందు పేదలు లేచి నిలబడ్డారు. ప్రయోగశాల ఇవ్వలేనిదేదో వాళ్లు అడిగారు.

తర్వాత ఆయన అభివృద్ధి చెందుతున్న దేశాల శాస్త్ర సాంకేతిక విషయాలపై అంతర్జాతీయంగా పనిచేశారు. 1981, 82లలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్నారు. 1985 జూన్‌లో కెనడా వెళ్లి తిరిగొస్తున్నారు. జూన్ 23న ఐర్లాండ్ తీరానికి దగ్గర, అట్లాంటిక్ సముద్రం మీద ఎయిరిండియా కనిష్క విమానంలో బాంబు పేలింది. అందులో ఉన్న 329 మందీ చనిపోయారు. నాయుడమ్మకు అప్పటికి 62 ఏళ్లు.

ఆయన పోయిన 24 రోజులకు, జులై 17న, చీరాల దగ్గర కారంచేడులో కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురు మాదిగలను చంపారు. ముందు రోజు గొడవ మాదిగలు తాగే చెరువు నీళ్ల దగ్గర మొదలైంది. ఆ నీళ్లను పాడుచేయడాన్ని మున్నంగి సువార్త అనే మాదిగ మహిళ అడ్డుకుంది. నాయుడమ్మకూ ఆ హత్యలకూ ఏ సంబంధమూ లేదు. కాకపోతే ఆ ఎండాకాలం పత్రికలు ఒక నెలలో తోలు రసాయనాన్ని ప్రపంచానికి చెప్పిన గొప్ప ఆంధ్రుడి గురించి రాశాయి, తర్వాతి నెలలో తోలు పని పేరుతో వెలివేసిన కులం శవాల గురించి రాశాయి. ఆ ఏడాదే దళిత మహాసభ పుట్టింది. కారంచేడు మాదిగలు ఊరు వదిలి చీరాల చేరి, అక్కడే విజయనగర్ కాలనీలో స్థిరపడ్డారు. 2022లో జిల్లాలు మారాక నాయుడమ్మ పుట్టిన యలవర్రు, కారంచేడు రెండూ బాపట్ల జిల్లాలోకి వచ్చాయి.